పళ్లెం ముందు, మాత్ర తరువాత: ఒంట్లో వాపు ప్రక్రియను తగ్గించుకోవడం ఎలా?

ఒకే వారంలో నాలుగు సప్లిమెంట్లు మొదలుపెట్టి, చక్కెర మానేసి, సాయంత్రం నడక కూడా పెట్టుకున్నారనుకోండి. నెల తిరిగేసరికి మోకాలి నొప్పి కాస్త తగ్గింది. తగ్గించింది ఏది? చెప్పలేరు. చెప్పలేరు కాబట్టి నాలుగూ కొంటూనే ఉంటారు. నేను ఒక ఏడాదంతా ఇలాగే గడిపాను. అలమరలో డబ్బాలు పెరిగాయి తప్ప నా శరీరం గురించి నాకు కొత్తగా తెలిసిందేమీ లేదు. ఇక్కడ చెప్పబోయే పద్ధతి ఆ తెలివితక్కువ ఏడాది నేర్పిందే. మార్పులు ఒక్కొక్కటిగా చేయాలి, రాసుకోవాలి, కొలిచి చూసుకోవాలి. తిండితో మొదలుపెట్టాలి. మాత్రల వంతు చివర్లో వస్తుంది. చాలామందికి అది రాకపోవచ్చు కూడా.

ముందు మీది ఏ రకం వాపో తేల్చుకోండి

వేలు తెగితే ఆ చోటు ఎర్రబడుతుంది, వెచ్చబడుతుంది, ఉబ్బుతుంది, నొప్పి పెడుతుంది. ఈ నాలుగు లక్షణాలనూ రోమన్ రచయిత సెల్సస్ క్రీస్తుశకం ఒకటో శతాబ్దంలోనే రాసిపెట్టాడు. వాపు ప్రక్రియ (ఇన్‌ఫ్లమేషన్) అంటే ఇదే. నిజానికి ఇది జబ్బు కాదు, మరమ్మతు. తెల్ల రక్తకణాలు వచ్చి క్రిములను చంపి, చెడిన కణాలను ఊడ్చి, పని ముగిశాక తప్పుకుంటాయి. దీన్ని తగ్గించే ఆహారం కోసం ఎవరూ వెతకనక్కర్లేదు.

రెండో రకంలో అలా వచ్చిన కణాలు తప్పుకోవు. పైకి ఎరుపూ ఉండదు, ఉబ్బూ ఉండదు. పొట్ట లోపల పేరుకున్న కొవ్వు, పొగ తాగడం, చిగుళ్ల జబ్బు, నిద్రలేమి, అదుపు తప్పిన మధుమేహం వంటివి దీన్ని సన్నని సెగలా ఏళ్ల తరబడి రగిలిస్తూ ఉంటాయి. రక్తనాళాలకు ఎక్కువ చేటు చేసేది ఇదే. 2017లో వెలువడిన కాంటోస్ అనే ప్రయోగం దీన్ని సూటిగా పరీక్షించింది. అంతకుముందు గుండెపోటు వచ్చిన 10,061 మందిని అందులోకి తీసుకున్నారు. కొలెస్ట్రాల్ జోలికి పోకుండా వాపు ప్రక్రియను మాత్రమే అణిచే కానకినుమాబ్ అనే ఇంజెక్షన్‌ను 150 మిల్లీగ్రాముల మోతాదులో ఇస్తే గుండెపోటు, పక్షవాతం వంటివి 15 శాతం తగ్గాయి. అదే మందు తీసుకున్నవారిలో ప్రాణాంతకమైన ఇన్‌ఫెక్షన్లు పెరిగాయి. వాపును పూర్తిగా ఆర్పేస్తే బాగుండునని కోరుకునేవారు ఈ రెండో సగాన్ని కూడా గుర్తుపెట్టుకోవాలి.

మూడో రకం రోగనిరోధక వ్యవస్థ సొంత కణజాలం మీదే తిరగబడేది. కీళ్లవాతం, పేగులకు వచ్చే క్రోన్స్ వ్యాధి, చర్మానికి వచ్చే సోరియాసిస్ ఈ కోవలోవి. వీటిలో ఆహారం మందుకు తోడు మాత్రమే, మందుకు బదులు కాదు. కీళ్లవాతానికి వాడే మందులను మానేసి తిండితోనే నెట్టుకొస్తానని కూర్చుంటే, ఆ నెలల్లో కీలు ఎంత అరిగితే అంతా శాశ్వత నష్టమే.

ఒకే కీలు హఠాత్తుగా వేడెక్కి ఉబ్బినా, జ్వరం తగ్గకపోయినా, మలంలో రక్తం పడినా, కారణం తెలియకుండా బరువు తగ్గుతున్నా ఈ వ్యాసం పక్కన పెట్టి వైద్యుల దగ్గరికి వెళ్లండి.

ఒక కొలత దగ్గర పెట్టుకోండి

సీ-రియాక్టివ్ ప్రొటీన్, పొట్టిగా సీఆర్‌పీ. వాపు సంకేతాలు అందగానే కాలేయం తయారుచేసే పదార్థం ఇది. గుండె ముప్పును అంచనా వేయడానికి దీన్నే మరింత సున్నితంగా కొలిచే హెచ్‌ఎస్-సీఆర్‌పీ పరీక్ష చేస్తారు. లీటరుకు 1 మిల్లీగ్రాము కన్నా తక్కువ ఉంటే ముప్పు తక్కువ, 1 నుంచి 3 దాకా మధ్యస్థం, 3 దాటితే ఎక్కువ. 10 దాటితే మాత్రం కంగారుపడి ఆహారం మార్చేయకండి. ఒంట్లో ఏదో ఇన్‌ఫెక్షన్ గానీ, గాయం గానీ ఉండి ఉండవచ్చు. అది తగ్గాక, కనీసం రెండు వారాలు ఆగి మళ్లీ చేయించుకోవాలి. 10 కన్నా తక్కువ వచ్చినా ఒక్క ఫలితాన్ని నమ్ముకోవడం కన్నా, రెండు వారాల తేడాతో రెండుసార్లు చేయించి సగటు చూడటం మేలు.

చాలామంది పప్పులో కాలేసేది ఇక్కడే. కొన్ని ప్రయోగశాలలు ఫలితాన్ని లీటరుకు ఇస్తాయి, కొన్ని డెసిలీటరుకు ఇస్తాయి. రెండింటి మధ్య తేడా పదింతలు. డెసిలీటరుకు 0.4 అని ఉంటే అది లీటరుకు 4. గతంలో 4 ఉండేది ఇప్పుడు 0.4కు దిగిందని సంబరపడే ముందు కాగితం మీద ఆ అంకె పక్కన ఏముందో చదవండి. జలుబు చేసినప్పుడు, పన్ను పీకించుకున్న వారంలో, అలవాటు లేని కఠిన వ్యాయామం చేసిన మర్నాడు ఈ పరీక్షకు వెళ్లకండి. గర్భిణులలో, ఈస్ట్రోజెన్ మాత్రలు వాడేవారిలో ఇది సహజంగానే కొంత ఎక్కువ ఉంటుంది. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందులు వాడేవారిలో తగ్గుతుంది.

ఇదే సందర్భంలో ఇంకో మాట. శరీరంలో ఇనుము నిల్వలను తెలిపే ఫెరిటిన్ కూడా వాపు ఉన్నప్పుడు పెరుగుతుంది. కాబట్టి సీఆర్‌పీ ఎక్కువగా ఉన్నవారిలో ఫెరిటిన్ మామూలుగా కనిపించినంత మాత్రాన ఇనుము సరిపడా ఉన్నట్టు కాదు.

పరీక్ష వీలుకాకపోతే కొలత లేదని ఆగిపోనక్కర్లేదు. పొద్దున లేచాక కీళ్లు ఎన్ని నిమిషాలు బిగుసుకుపోయి ఉంటున్నాయి, నొప్పి పదికి ఎంత, నడుము చుట్టుకొలత ఎంత అన్నవి ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. రెండు వారాల పాటు ఏమీ మార్చకుండా, తింటున్నదంతా దాచకుండా రాయండి. ఈ రెండు వారాలు విసుగ్గానే ఉంటాయి. కానీ ఇవి లేకపోతే ఆ తరువాత వచ్చే మార్పును దేనితో పోలుస్తారు?

తీసేయడం కాదు, బదులు పెట్టడం

ఫలానా పదార్థం వాపు పెంచుతుంది, ఫలానాది తగ్గిస్తుంది అని పట్టీలు వేయడం మీద నాకు నమ్మకం తక్కువ. ఒక పదార్థం మానేస్తే ఆ ఖాళీలోకి ఇంకేదో వస్తుంది. ఫలితం ఆ వచ్చినదాని మీద ఆధారపడి ఉంటుంది. వెన్న మానేసి ఆ కేలరీలను తెల్ల పిండితోనూ చక్కెరతోనూ నింపుకుంటే లాభం లేదు. వాటి స్థానంలో ఆలివ్ నూనె, గింజపప్పులు వస్తే ఉంది. స్పెయిన్‌లో సుమారు 7,400 మందిపై జరిపిన ప్రెడిమెడ్ అధ్యయనంలో మధ్యధరా ఆహారానికి ఆలివ్ నూనె గానీ గింజపప్పులు గానీ జోడించినవారిలో గుండెపోటు, పక్షవాతం వంటివి దాదాపు 30 శాతం తగ్గాయి. 2013లో ప్రచురితమైన ఆ పత్రాన్ని, పాల్గొన్నవారిని గుంపులుగా కేటాయించడంలో లోపాలు బయటపడటంతో వెనక్కి తీసుకుని, లెక్కలు మళ్లీ కట్టి 2018లో తిరిగి ప్రచురించారు. ఫలితం మారలేదు గానీ, దాన్ని ఎంత గట్టిగా చెప్పవచ్చన్నది మారింది.

నాలుగు మార్పులు చెబుతాను. ఒక్కొక్కదానికి కనీసం రెండు వారాలు ఇవ్వండి.

మొదటిది పీచు. నా దృష్టిలో మిగతా మూడూ కలిసినా దీనికి సరితూగవు. మనం అరిగించుకోలేని పీచును పెద్ద పేగులోని సూక్ష్మజీవులు పులియబెట్టి బ్యూటిరేట్ అనే చిన్న కొవ్వు ఆమ్లాన్ని తయారుచేస్తాయి. పేగు లోపలి పొరకు అదే ప్రధాన ఆహారం. ఆ పొర గట్టిగా ఉంటే సూక్ష్మజీవుల ముక్కలు రక్తంలోకి జారవు, రోగనిరోధక కణాలు అనవసరంగా ఉలిక్కిపడవు. పెద్దలకు రోజుకు కనీసం 25 గ్రాముల పీచు, 400 గ్రాముల కూరగాయలూ పండ్లూ కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఉడికిన మసూర్ పప్పు ఒక పెద్ద కప్పులో దాదాపు 15 గ్రాములు, తొక్కతో తిన్న ఆపిల్‌లో 4 గ్రాములు ఉంటుంది. పొట్టు తీయని ధాన్యాలు ఒక పూట చేరిస్తే లెక్క నిండిపోతుంది. అయితే మొదటి రోజే 25కు ఎగబాకకండి. కడుపు ఉబ్బి, రెండో రోజుకే మానేస్తారు. వారానికి ఐదు గ్రాముల చొప్పున పెంచుతూ నీళ్లు ఎక్కువగా తాగండి. క్రోన్స్ వ్యాధి వల్ల పేగు ఇరుకైనవారు మాత్రం వైద్యులను అడగకుండా పీచు పెంచకూడదు.

పీచుతో పాటు పులిసిన ఆహారం కూడా ప్రయత్నించదగ్గదే. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం 36 మందితో పది వారాలు నడిపిన ప్రయోగం ఫలితాలు 2021లో వచ్చాయి. పెరుగు, కెఫిర్ (పులియబెట్టిన పాల పానీయం), పులియబెట్టిన కూరగాయల వంటివి ఎక్కువగా తిన్న గుంపులో వాపుకు సంబంధించిన 19 ప్రొటీన్లు తగ్గాయి. విచిత్రంగా, పీచు పెంచిన గుంపులో అవి ఆ పది వారాల్లో ఆ మేరకు తగ్గలేదు. పేగుల్లో ముందు నుంచీ రకరకాల సూక్ష్మజీవులు ఉన్నవారికే పీచు త్వరగా పనిచేస్తుందేమోనని ఆ పరిశోధకులు అనుకున్నారు. చిన్న ప్రయోగమే, అయినా పీచు పెంచిన రెండో వారానికే ఫలితం లేదని నిరుత్సాహపడేవారు తెలుసుకోవాల్సిన విషయం.

రెండోది కొవ్వు. పాక్షికంగా హైడ్రోజనీకరించిన (హైడ్రోజన్ చేర్చి గట్టిపరచిన) నూనెలు ఉన్న తినుబండారాలను మానేయండి, ఇందులో రెండో మాట లేదు. వాటిలోని ట్రాన్స్ కొవ్వు రక్తనాళాలకు కీడు తప్ప మేలు ఏ కొంచెమూ చేయదు. ఆ తరువాత వారానికి రెండుసార్లు సాల్మన్, సార్డిన్, మాకెరెల్ వంటి కొవ్వున్న చేపలు తినండి. ఈపీఏ, డీహెచ్ఏ అనే ఒమేగా-3 ఆమ్లాలు వాటిలో నేరుగా దొరుకుతాయి. వాపును ముగించమని కణాలకు చెప్పే రిసాల్విన్ల వంటి అణువులను శరీరం వీటి నుంచే తయారుచేసుకుంటుంది. చేపలు తిననివారికి అవిసె గింజలు, ఆక్రోట్ మంచివే కానీ, వాటిలోని ఒమేగా-3లో కొద్ది భాగమే ఈపీఏగా మారుతుంది. డీహెచ్ఏ దాకా చేరేది ఇంకా తక్కువ.

ఒమేగా-6 ఉన్న గింజల నూనెలన్నీ విషమని ఒక ప్రచారం జోరుగా సాగుతోంది. కాగితం మీద వాదన బాగానే ఉంటుంది: వాటిలోని లినోలిక్ ఆమ్లం అరాకిడోనిక్ ఆమ్లంగా మారుతుంది, దాని నుంచి వాపు పెంచే అణువులు పుడతాయి. కానీ మనుషులకు లినోలిక్ ఆమ్లం ఎక్కువగా ఇచ్చి చూసిన ప్రయోగాల్లో రక్తంలోని వాపు సూచికలు పెరగలేదు. పొద్దుతిరుగుడు నూనెకు భయపడి మళ్లీ వెన్న వైపు వెళ్లడం వెనకడుగే.

మూడోది తీపి పానీయాలు. చక్కెర తాగకండి, తినాలనిపిస్తే పండు తినండి. అంతకన్నా చెప్పేదేమీ లేదు.

నాలుగోది తినే మోతాదు. పొట్ట లోపలి కొవ్వు ఊరికే పడి ఉండే సరుకు కాదు, ఇంటర్‌ల్యూకిన్-6 వంటి వాపు సంకేతాలను అది స్వయంగా విడుదల చేస్తుంది. కాలేయం సీఆర్‌పీ తయారుచేసేది ఆ సంకేతం అందుకునే. అధిక బరువు ఉన్నవారు ఏ పద్ధతిలో బరువు తగ్గినా సీఆర్‌పీ తగ్గుతుంది. ప్రత్యేకమైన వాపు నివారణ ఆహారం తిని బాగుపడ్డామని చెప్పేవారిలో కొందరికి అసలు మేలు చేసింది తగ్గిన నడుమేనని నా అనుమానం.

పడని పదార్థం ఉందనుకుంటే

ఒక్కదాన్ని ఎంచుకోండి. మూడు నాలుగు వారాలు పూర్తిగా మానండి, తరువాత వరసగా మూడు రోజులు మామూలు మోతాదులో తినండి. నోటుపుస్తకంలో లక్షణాలు మళ్లీ తిరగబెడితేనే దాన్ని అనుమానించాలి. మానినప్పుడు బాగుండటం చాలదు, తిన్నప్పుడు తిరగబెట్టాలి. ఏ పదార్థానికైనా గొంతు వాయడం, ఊపిరి ఆడకపోవడం వంటివి ఒక్కసారి వచ్చి ఉన్నా ఈ పరీక్ష ఇంట్లో చేయకూడదు.

గోధుమల మీద అనుమానం ఉంటే మానక ముందే సీలియాక్ వ్యాధి (గోధుమలోని గ్లూటెన్ అనే ప్రొటీన్ వల్ల పేగులు దెబ్బతినే జబ్బు) పరీక్ష చేయించుకోండి. గ్లూటెన్ మానేశాక ఆ పరీక్ష రక్తంలో వెతికే ప్రతిరక్షకాలు తగ్గిపోయి, జబ్బు ఉన్నా లేనట్టే ఫలితం వస్తుంది. అప్పుడు పరీక్ష కోసం మళ్లీ వారాల తరబడి గోధుమ తిని బాధపడాలి. టమాటా, వంకాయ, బంగాళాదుంప అందరికీ కీళ్ల నొప్పులు తెస్తాయన్న మాటకు మాత్రం ఆధారం లేదు. మీకు పడవని మీ పుస్తకం చెబితే మానండి, అంతే.

ఇప్పుడు మాత్రల సంగతి

పన్నెండు వారాలు తిండి మార్చాక కూడా ఏదైనా కావాలనిపిస్తే ఒకటే ఎంచుకోండి. డబ్బా ముందువైపు అక్షరాలు కాదు, వెనుకవైపు పట్టిక చదవండి.

చేప నూనె: ముందు 1000 మిల్లీగ్రాములు అని పెద్దగా రాసి ఉంటుంది. అది మొత్తం నూనె బరువు. వెనుక చూస్తే సాధారణ రకం గుళికలో ఈపీఏ 180, డీహెచ్ఏ 120 అని కనిపిస్తుంది, అంటే పనికొచ్చేది 300 మిల్లీగ్రాములే. కీళ్లవాతంలో నొప్పి, బిగుతు తగ్గినట్టు చూపిన ప్రయోగాల్లో రోజుకు ఈ రెండూ కలిపి సుమారు 3 గ్రాములు, రెండు మూడు నెలల పాటు ఇచ్చారు. రోజుకు ఒక్క గుళిక మింగి నెలకే పెదవి విరిచేవారు ఆ ప్రయోగంలో పదో వంతు మాత్రమే చేసినట్టు. అలాగని పది గుళికలు మింగమని చెప్పడం లేదు. గాఢత ఎక్కువున్న రకాలు దొరుకుతాయి. పైగా రోజుకు 4 గ్రాములు ఇచ్చిన పెద్ద ప్రయోగాల్లో గుండె లయ తప్పే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ పెరిగింది కాబట్టి, గ్రాము దాటే మోతాదు వైద్యులతో మాట్లాడే తీసుకోవాలి. చేప వద్దనుకునేవారికి నాచు నుంచి తీసిన నూనె ఉంది. చేపకు ఒమేగా-3 వచ్చేది కూడా అక్కడి నుంచే.

విటమిన్ డి: లోపం ఉంటే తప్పక సరిచేసుకోవాలి. లోపం లేనివారికి సంగతి వేరు. అమెరికాలో 25,871 మందిపై జరిగిన వైటల్ ప్రయోగంలో రోజుకు 2000 యూనిట్ల విటమిన్ డి క్యాన్సర్లు రావడాన్ని గానీ, గుండె జబ్బులను గానీ తగ్గించలేదు. అదే ప్రయోగం నుంచి 2022లో వచ్చిన మరో పత్రంలో మాత్రం ఐదేళ్లలో ఆటోఇమ్యూన్ జబ్బులు (పైన చెప్పిన మూడో రకం) 22 శాతం తక్కువగా వచ్చాయి. నాకు ఆసక్తి కలిగించే ఫలితమే. అయినా పరీక్ష చేయించకుండా పెద్ద మోతాదులు మింగడానికి అది అనుమతి కాదు. పెద్దలకు రోజువారీ గరిష్ఠ పరిమితి 4000 యూనిట్లు. మోతాదు బాగా మించి చాలాకాలం వాడితే రక్తంలో కాల్షియం పెరిగి మూత్రపిండాలు దెబ్బతింటాయి. డబ్బా మీద మైక్రోగ్రాములు ఉంటే నలభైతో హెచ్చవేయండి, యూనిట్లు వస్తాయి.

కర్క్యుమిన్: పసుపు పొడి బరువులో ఇది సుమారు 3 శాతమే. మోకాలి అరుగుదలకు వాడి చూసిన ప్రయోగాల్లో ఇచ్చింది రోజుకు గ్రాము దరిదాపుల్లో, అది కూడా వేరుచేసిన కర్క్యుమిన్. కాబట్టి వంటలో పడే పసుపు రుచికీ రంగుకే అనుకోండి. ఆ ప్రయోగాల్లో నొప్పి కొంత తగ్గింది, కానీ అవి చాలావరకు చిన్నవి, కొద్ది వారాలవి. కర్క్యుమిన్ పేగుల నుంచి రక్తంలోకి సరిగా చేరదు కాబట్టి తయారీదారులు మిరియాల నుంచి తీసిన పైపరిన్ కలుపుతారు. 1998లో వచ్చిన ఒక అధ్యయనంలో పైపరిన్ కలిపినప్పుడు మనుషులలో కర్క్యుమిన్ శోషణ 20 రెట్లయింది. మేలు మాటెలా ఉన్నా, ముప్పు కూడా అక్కడే మొదలవుతుంది. పైపరిన్ ఇతర మందుల విచ్ఛిన్నాన్ని కూడా నెమ్మదింపజేయగలదు. ఇటలీలో 2019లో పసుపు సప్లిమెంట్లు వాడినవారిలో కాలేయ వాపు కేసులు వరసగా బయటపడ్డాయి. వాడుతుండగా మూత్రం ముదురు రంగుకు మారినా, కళ్లు పచ్చబడినా వెంటనే ఆపి వైద్యులకు చూపించుకోండి.

యాంటీఆక్సిడెంట్ మాత్రలు: వద్దు. ఫిన్లాండ్‌లో పొగతాగే 29,133 మంది మగవారిపై జరిగిన ప్రయోగం ఫలితాలు 1994లో వచ్చినప్పుడు, బీటా కెరోటిన్ తీసుకున్నవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువగా కనిపించింది. రోజుకు 400 యూనిట్ల విటమిన్ ఇ తీసుకున్న మగవారిలో ప్రొస్టేట్ క్యాన్సర్ 17 శాతం పెరిగినట్టు 2011లో మరో ప్రయోగం తేల్చింది. క్యారెట్ తినడం వేరు, క్యారెట్‌లోని ఒక్క అణువును పిండి గుళికలో కూరడం వేరు.

ఏది కొన్నా యూఎస్‌పీ, ఎన్‌ఎస్‌ఎఫ్ వంటి స్వతంత్ర పరీక్ష సంస్థల ముద్ర ఉందో లేదో చూడండి. లోపల ఉన్నది డబ్బా మీద రాసినదేనని ఆ ముద్ర చెబుతుంది, అది పనిచేస్తుందని చెప్పదు.

మింగే ముందు ఎవరికి చెప్పాలి

వార్ఫరిన్ వంటి రక్తం గడ్డకట్టకుండా చూసే మందులు వాడేవారు చేప నూనె, కర్క్యుమిన్, విటమిన్ ఇ గురించి ముందే వైద్యులకు చెప్పాలి. వార్ఫరిన్ వాడుతూ ఒక్కసారిగా ఆకుకూరలు పెంచినా చిక్కే, వాటిలోని విటమిన్ కె మందు పనితనాన్ని తగ్గిస్తుంది. శస్త్రచికిత్స తేదీ ఖరారైతే మీ డబ్బాలన్నీ సంచిలో వేసుకుని వెళ్లి చూపించండి, పేర్లు గుర్తుపెట్టుకుని చెప్పడం కన్నా అది నయం. కీళ్లవాతానికి వాడే మెథోట్రెక్సేట్ మందుతో పాటు ఫోలిక్ ఆమ్లం రాసి ఉంటే అదీ ఒక సప్లిమెంటే కదా అని మానేయకండి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి పొటాషియం ఎక్కువున్న పండ్లూ పప్పులూ, గౌట్ (యూరిక్ ఆమ్లం పేరుకుని వచ్చే కీళ్ల జబ్బు) ఉన్నవారికి సార్డిన్ వంటి చేపలూ ఇబ్బంది పెట్టవచ్చు. పైన చెప్పిన పళ్లెం వారికి యథాతథంగా పనికిరాదు.

పన్నెండు వారాలకు లెక్క చూడండి

మొదట ఏ ప్రయోగశాలలో పరీక్ష చేయించుకున్నారో అక్కడే, జలుబూ జ్వరం లేని రోజున మళ్లీ చేయించండి. 2.1 నుంచి 1.8కి దిగితే పొంగిపోకండి, సీఆర్‌పీ వారం వారం అంతకన్నా ఎక్కువే ఊగుతుంది. 4 నుంచి 2కు దిగి, నోటుపుస్తకంలో పొద్దుటి బిగుతు కూడా తగ్గి ఉంటే మార్పు నిజమని నమ్మవచ్చు.

తిండి అంతా సరిగ్గా మార్చినా అంకె కదలకపోతే వంటగది వదిలి వేరేచోట వెతకండి. దంతవైద్యులకు చిగుళ్లు చూపించుకోండి. గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగుతోందేమో ఇంట్లోవారిని అడగండి. పొగ తాగుతుంటే, ఏ చేప నూనె కూడా దాన్ని కడగలేదు. సప్లిమెంట్ మొదలుపెట్టి ఉంటే మూడు నెలల తరువాత నాలుగు వారాలు ఆపి చూడండి. ఆపినట్టు ఒంటికి తెలియకపోతే ఆ డబ్బా మళ్లీ కొనకండి.